ఎస్పెరాంటో పదాలను విడదీయడం, కట్టడం: తెలుగు వ్యాకరణం తెలిసినవారికి ఒక దారి

విజయనగరంలో గంటస్తంభం దగ్గర బయలుదేరి బోర్డులు చదువుకుంటూ నడిస్తే పాఠశాల, కళాశాల, వైద్యశాల, పశువైద్యశాల అనే మాటలు ఒకదాని వెనుక ఒకటి ఎదురవుతాయి. రోజూ చూసే మాటలు కావడం వల్ల వాటి చివరనున్న 'శాల'ను ఎవరూ విడిగా పట్టించుకోరు. పంతొమ్మిదో శతాబ్దంలో వార్సా నగరంలో ఉన్నత పాఠశాల చదువు చదువుతున్న ఒక కుర్రవాడు మాత్రం ఇటువంటి రెండు రష్యన్ బోర్డుల దగ్గర ఆగిపోయాడు. ఒకదాని మీద 'ష్వెయిత్సార్‌స్కాయా' అని ఉంది. అది కాపలాదారు గది. రెండోదాని మీద 'కొందీతెర్‌స్కాయా' అని ఉంది. అది మిఠాయి అంగడి. రెండింటి చివరా ఉన్న 'స్కాయా' అతని ఆలోచనను పట్టుకుంది. ఒక ప్రత్యయం తెలిస్తే ఉన్న మాట నుంచి లేని మాటను ఎవరికి వారే కట్టుకోవచ్చునని, అప్పుడు ప్రతి మాటనూ విడిగా కంఠస్థం చేయవలసిన అవసరం ఉండదని అతనికి తోచింది. అంతవరకు తనను భయపెట్టిన లావు నిఘంటువులు ఆ రోజు నుంచి కళ్ళముందే చిక్కిపోసాగాయని అతడే తరువాత ఒక ఉత్తరంలో చెప్పుకున్నాడు.

ఆ కుర్రవాడు లుద్విక్ లేజర్ జామెన్‌హాఫ్. 1859 డిసెంబరు 15న, అప్పటి రష్యా సామ్రాజ్యంలోనూ ఇప్పటి పోలండ్‌లోనూ ఉన్న బియాలిస్టాక్‌లో పుట్టాడు. పోలిష్, రష్యన్, యిద్దిష్, జర్మన్ భాషలన్నీ వీధిలో వినబడే పట్టణమది. పెద్దయి కంటి వైద్యుడైన తరువాత, వేరువేరు భాషలవారు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడానికి తాను కల్పించిన కొత్త భాషను పరిచయం చేస్తూ 1887లో 'డాక్టర్ ఎస్పెరాంటో' అనే మారుపేరుతో ఒక చిన్న పుస్తకం ప్రచురించాడు. ఆ మారుపేరే తరువాత భాషకు పేరైంది. అందులో అతడిచ్చిన మూలపదాలు దాదాపు 900 మాత్రమే. మన గురజాడ 1862లో, వంశధార ఒడ్డున పర్వతాలపేటలో పుట్టిన గిడుగు 1863లో జన్మించారు. ముగ్గురిదీ ఒకే తరం, ముగ్గురికీ మాటలతోనే పని.

ఎస్పెరాంటోను ఇంగ్లీషు ద్వారా నేర్చుకోవడం మనకు చుట్టుదారి అని నా అభిప్రాయం. ప్రకృతి, ప్రత్యయం, సమాసం, సకర్మకం, అకర్మకం అనే మాటలను పదో తరగతి దాకా చదివినవారు ఎంతో కొంత వినే ఉంటారు. ఆ జ్ఞానంతో నేరుగా వెళితే దారి దగ్గరవుతుంది. పాఠాల చివర ఇచ్చే పదాల పట్టికలను వల్లించకుండా, కనబడిన ప్రతి పదాన్నీ ముక్కలుగా విడదీయడం, తెలిసిన ముక్కలతో కొత్త పదం కట్టడం అనే రెండు పనులను మొదటి రోజు నుంచే ఎలా అలవాటు చేసుకోవచ్చో ఇక్కడ వివరిస్తాను.

ఉచ్చారణ గురించి కొద్దిగా

ఎస్పెరాంటోను రోమన్ లిపిలోని 28 అక్షరాలతో రాస్తారు. వాటిలో ఆరింటి నెత్తిన గుర్తులుంటాయి. ఇక్కడ మాటలన్నిటినీ తెలుగు లిపిలోనే ఇస్తున్నాను. త, ద అని రాసినవాటిని మన త, ద లాగే పలకాలి, ఇంగ్లీషువారి ట, డ లాగా కాదు. 'ౘలి', 'ౘాప' అనేటప్పుడు మన నోట వచ్చే దంత్య ౘకారం ఆ భాషలో ఉంది, కాబట్టి దానిని ౘ అనే రాస్తున్నాను. ౙకారాన్ని 'ౙడ'లో లాగా పలికితే దగ్గరగా ఉంటుంది. ఝ అని కనబడినచోట మాత్రం మన ఝ కాదు, 'ట్రెజర్' అనే మాట నడుమ వినిపించే శబ్దం. ఊనిక ఎప్పుడూ చివరి నుంచి రెండో అచ్చు మీద పడుతుంది.

ముందు చివరి అక్షరాన్ని చూడండి

పదం కనబడగానే దాని చివర చూడాలి. 'ఒ' ఉంటే నామవాచకం, 'అ' ఉంటే విశేషణం, 'ఎ' ఉంటే క్రియావిశేషణం, 'ఇ' ఉంటే క్రియ మూలరూపం. వర్తమానానికి 'అస్', భూతకాలానికి 'ఇస్', భవిష్యత్తుకు 'ఒస్', ఊహకు 'ఉస్', ఆజ్ఞకు 'ఉ' వస్తాయి. బహువచనానికి 'య్', ద్వితీయా విభక్తికి 'న్' చేరుతుంది. నేను, నువ్వు, వాడు, ఆమె, వారు అనే భేదం క్రియలో కనబడదు. అంటే నేస్తాను, నేస్తావు, నేస్తాడు, నేస్తుంది అని మనం పడే శ్రమ అక్కడ లేదు.

క్రియావిశేషణపు 'ఎ' మనకు చాలా ఉపయోగపడుతుంది. 'మనొ' అంటే చెయ్యి. 'మనె' అంటే చేతితో. 'పియెదొ' అంటే పాదం. 'పియెదె' అంటే కాలినడకన. 'మతెనొ' ఉదయం, 'మతెనె' ఉదయాన. మన విభక్తి ప్రత్యయాలు చేసే పనిలో సగం ఈ ఒక్క అక్షరం చేస్తుంది.

భాష పేరునే మొదటి అభ్యాసంగా తీసుకోవచ్చు. 'ఎస్పెర్' అంటే ఆశించు. 'అంత్' అంటే ఆ పని చేస్తూ ఉన్న. 'ఒ' నామవాచకం గుర్తు. మూడూ కలిస్తే ఆశించేవాడు. 'అంత్' స్థానంలో 'ఇంత్' పెడితే ఆశించినవాడు, 'ఒంత్' పెడితే ఆశించబోయేవాడు. చేసే, చేసిన, చేయబోయే అని మన భాష క్రియాజన్య విశేషణాలతో చెప్పేదాన్ని ఆ భాష మూడు అచ్చుల మార్పుతో చెబుతోంది.

మూలపదాలు ఎక్కడి నుంచి వచ్చాయి

మూలపదాల పుట్టుక తెలిస్తే జ్ఞాపకం సులభమవుతుంది కాబట్టి ఈ విషయం మీద కొంత సమయం పెట్టడం మంచిది. అధిక భాగం లాటిన్ నుంచి, దాని సంతానమైన ఫ్రెంచి, ఇటాలియన్ వంటి భాషల నుంచి వచ్చింది. 'సెద్' (కానీ), 'అపుద్' (పక్కన), 'హొదిఅవ్' (ఈ రోజు) లాటిన్ మాటలు. 'మంజి' (తినడం), 'చంబ్రొ' (గది), 'చెవలొ' (గుర్రం), 'త్రె' (చాలా) ఫ్రెంచివి. జర్మన్ నుంచి 'తగొ' (పగలు, దినం), 'యరొ' (సంవత్సరం), 'హుందొ' (కుక్క), 'ఫదెనొ' (దారం) వచ్చాయి. 'బిర్దొ' (పక్షి), 'బొఅతొ' (పడవ), 'యెస్' (అవును) ఇంగ్లీషువని చూడగానే తెలుస్తుంది. గ్రీకు నుంచి 'కయ్' (మరియు) వచ్చింది. బహువచనపు 'య్' కూడా గ్రీకు పద్ధతినే గుర్తుచేస్తుంది.

జామెన్‌హాఫ్ పుట్టి పెరిగింది స్లావిక్ భాషల నడుమనే అయినా, ఆ భాషల మూలాలు తక్కువగానే కనబడతాయి. ఉన్నవి మాత్రం గట్టివి. 'క్లొపొది' అంటే ఒక పని కోసం నానా తంటాలు పడటం. అది రష్యన్ నుంచి వచ్చింది. 'నెప్రె' (తప్పకుండా), 'క్రొమ్' (తప్ప, కాక) కూడా అక్కడివే. ప్రశ్న అడగడానికి వాక్యం ముందు పెట్టే 'చు' పోలిష్ నుంచి వచ్చింది. 'వచ్చాడా' అన్నప్పుడు చివరి దీర్ఘంతో మనం చేసే పనిని వాళ్ళు వాక్యం మొదట్లో ఒక చిన్న మాటతో చేస్తారు.

ఒక మాటను ఎన్నుకునేటప్పుడు అది ఎన్ని భాషలవారికి పరిచయమో జామెన్‌హాఫ్ చూసేవాడు. ఇంటిని 'దొమొ' అంటారు. లాటిన్ తెలిసినవారికీ, రష్యన్ తెలిసినవారికీ ఆ మాట కొత్త కాదు. 'లంపొ' (దీపం) ఐరోపాలో దాదాపు ఎవరికైనా అర్థమవుతుంది. రెండు మాటలు ఒకదానితో ఒకటి కలిసిపోయే ప్రమాదం ఉంటే ఒకదాని రూపం కాస్త మార్చాడు: మోసుకుపోవడం 'పొర్తి' కాబట్టి తలుపు 'పొర్దొ' అయింది. మన వ్యాకరణ పరిభాషలో చెప్పాలంటే ఇవి తద్భవాలు. తత్సమాల వంటివీ ఉన్నాయి. 1905లో భాషకు పునాదిగా అంగీకరించిన గ్రంథంలోని 16 నియమాలలో పదిహేనోది ఈ విషయమే చెబుతుంది: అధిక సంఖ్యాక భాషలు ఒకే మూలం నుంచి తీసుకున్న మాటలను ఎస్పెరాంటో కూడా వర్ణక్రమం మాత్రం మార్చుకొని అలాగే తీసుకోవచ్చు. 'తెఆత్రొ', 'తెలెఫొనొ', 'దొక్తొరొ', 'పొష్తొ' అటువంటివి. థియేటరు, టెలిఫోను, డాక్టరు, పోస్టు అని అనుకోవడానికి మనకు ఇంగ్లీషు చదువు కూడా అక్కరలేదు. శ్రీకాకుళం బస్‌స్టాండులో ఎవరినడిగినా ఆ మాటలు తెలుసు.

ఇవన్నీ పరాయివే అనుకోనక్కరలేదు. 'సుకెరొ' (చక్కెర) వెనక్కి నడిస్తే అరబ్బుల మీదుగా మన 'శర్కర' దగ్గర తేలుతుంది. 'పిప్రొ' (మిరియం) వెనుక 'పిప్పలి' ఉంది. 'ౙింగిబ్రొ' (అల్లం) 'శృంగబేరం' నుంచి గ్రీకు, లాటిన్ దారిలో వెళ్ళింది. 'మంగొ' (మామిడి) కేరళ తీరంలో పోర్చుగీసువారు పట్టుకుపోయిన ద్రావిడ పదం. మన తీరంలో జాలరులు తెప్ప అని పిలిచేదానికి అరవంలో కట్టుమరమని పేరు; అదే 'కతమరనొ' అయింది.

పొందూరు మగ్గం ముందు ఒక మూలపదం

ఇప్పుడు కట్టడం. శ్రీకాకుళం జిల్లాలో పొందూరు వెళ్ళినవారికి అక్కడి సన్నని ఖద్దరు గురించి చెప్పవలసిన పనిలేదు. నేత పనినే ఉదాహరణగా తీసుకుందాం. నేయడానికి మూలం 'తెక్స్'. లాటిన్ పదం, ఇంగ్లీషువారి టెక్స్‌టైల్ కూడా అక్కడిదే. 'తెక్సి' అంటే నేయడం. వృత్తిని తెలిపే 'ఇస్త్' చేరిస్తే 'తెక్సిస్తొ', నేతగాడు. సాధనాన్ని తెలిపే 'ఇల్' చేరిస్తే 'తెక్సిలొ', మగ్గం. మన 'శాల'కు సమానమైన 'ఎయ్' చేరిస్తే 'తెక్సెయొ', నేతశాల. పని వల్ల చేతికొచ్చే వస్తువును తెలిపే 'అఝ్' చేరిస్తే 'తెక్సఝొ', నేసిన బట్ట. గుంపును తెలిపే 'అర్' చేరిస్తే 'తెక్సిస్తరొ', నేతగాళ్ళ సమూహం. 'ఎబ్ల్' చేరిస్తే 'తెక్సెబ్ల', నేయడానికి వీలైన. 'ఇంద్' చేరిస్తే 'తెక్సింద', నేయదగిన, నేయడానికి తగిన విలువ ఉన్న. 'ఎంద్' చేరిస్తే 'తెక్సెంద', నేసి తీరవలసిన. ఈ మూడింటి మధ్య భేదాన్ని పాటించడం మొదట్లో కష్టమనిపిస్తుంది కానీ చూడగలిగిన, చూడదగిన, చూడవలసిన అనే మన మాటల మధ్య ఉన్న భేదమే అది. నాసిరకం పనికి 'అచ్' ఉంది: నేశాననిపించుకోవడానికి ఏదో నేసి పడేస్తే అది 'తెక్సచి'. పొందూరులో ఆ మాటతో పని పడదు.

నూలు దగ్గరికి వద్దాం. వడకడం 'ష్పిని', జర్మన్ మూలం. వడికిన నూలు 'ష్పినఝొ'. చక్రం 'రదొ' కాబట్టి రాట్నం 'ష్పిన్‌రదొ'. అక్కడ దూదిని దువ్వడానికి వాలుగ చేప దవడ ఎముకను వాడతారు. దువ్వడం 'కొంబి', దువ్వే సాధనం 'కొంబిలొ'. చేప 'ఫిషొ', దవడ 'మక్ౙెలొ'. చేప దవడ 'ఫిష్‌మక్ౙెలొ'. ఐరోపా పుట్టించిన ఈ భాషలో పొందూరు దూది దువ్వెనకు ఎవరూ ముందుగా పేరు పెట్టి ఉండరు, అయినా 'ఫిష్‌మక్ౙెల కొంబిలొ' అంటే ఏ దేశపు ఎస్పెరాంటిస్టుకైనా చేప దవడ దువ్వెన అని తెలిసిపోతుంది.

ధాతువా, ప్రాతిపదికా?

ఇక్కడే నేను పొరపాటు చేశాను, కాబట్టి ఈ విషయాన్ని కొంచెం నిలిచి చెబుతాను. నేర్చుకున్న కొత్తలో ఒక విదేశీ మిత్రునికి రాసిన ఉత్తరంలో దువ్వెనను 'కొంబొ' అని, కుంచెను 'బ్రొసిలొ' అని రాశాను. రెండూ తప్పే. 'కొంబ్' క్రియకు సంబంధించిన మూలం. దానికి నేరుగా 'ఒ' తగిలిస్తే దువ్వడం అనే పని అవుతుంది కానీ వస్తువు కాదు. వస్తువు కావాలంటే 'ఇల్' ఉండాలి. 'బ్రొస్' అలా కాదు; అది పుట్టుకతోనే వస్తువు పేరు. 'బ్రొసొ' అంటేనే కుంచె, బ్రష్షు. దానితో చేసే పని 'బ్రొసి'. సుత్తి 'మర్తెలొ' కూడా ఇటువంటిదే. కోసే కత్తి మాత్రం కోయడం నుంచి పుట్టింది: 'త్రంచి', 'త్రంచిలొ'.

మన వ్యాకరణంలో క్రియకు మూలమైనదాన్ని ధాతువు అని, నామానికి మూలమైనదాన్ని ప్రాతిపదిక అని వేరుచేసి చెబుతారు. ఆ విభజన ఇక్కడ అక్షరాలా పనికొస్తుంది. కొత్త మూలపదం నేర్చుకున్నప్పుడు దాని అర్థంతో పాటు అది పని పేరా, వస్తువు పేరా, గుణం పేరా అన్నది నోటుపుస్తకంలో పక్కనే రాసుకోవాలి. నేను ధా, ప్రా, గు అని గుర్తులు పెట్టుకుంటాను. మంచి నిఘంటువులు ముఖ్యపదాన్ని ఏ రూపంలో ఇస్తాయో చూస్తే ఈ విషయం తెలిసిపోతుంది.

దీనికి తోడు, క్రియల విషయంలో సకర్మకమా అకర్మకమా అని కూడా రాసుకోవాలి, ఎందుకంటే 'ఇగ్', 'ఇజ్' అనే రెండు ప్రత్యయాల పని దాని మీదే ఆధారపడి ఉంది. 'ఇగ్' చేయించేది, 'ఇజ్' అయ్యేది. 'బొలి' మరగడం, 'బొలిగి' మరిగించడం. 'బ్రులి' కాలడం, 'బ్రులిగి' కాల్చడం. 'మంజి' తినడం; 'మంజిగి' తినిపించడం. ఎదురు దిక్కున, 'రొంపి' విరవడం, 'రొంపిజి' విరగడం. 'కొమెన్ౘి' ప్రారంభించడం, 'కొమెన్ౘిజి' ప్రారంభం కావడం. పాఠం మొదలైందని చెప్పడానికి ఇంగ్లీషు అలవాటున్నవారు తరచుగా 'కొమెన్ౘిస్' అని రాసి దొరికిపోతారు, ఎందుకంటే వారి భాషలో రెండింటికీ ఒకటే మాట. విరుగు, విరుచు, కాలు, కాల్చు, మారు, మార్చు అని చిన్నప్పటి నుంచి వేరుగా పలికిన నోటికి ఆ తప్పు సహజంగా రాదు. చెప్పదలచిన వాక్యాన్ని ముందు తెలుగులో అనుకోండి. తెలుగులో 'ఇంచు' వస్తోందా, 'అవు' వస్తోందా అన్నది గమనిస్తే చాలావరకు సరిపోతుంది.

ముందు వచ్చేవి

పదానికి ముందు చేరేవి పది దాకా ఉన్నాయి. అన్నీ ఒకేసారి అక్కరలేదు. 'మల్' తప్పనిసరి. అది వ్యతిరేకార్థాన్ని ఇస్తుంది: 'బొన' మంచి, 'మల్బొన' చెడ్డ, 'గ్రంద' పెద్ద, 'మల్‌గ్రంద' చిన్న, 'ఫెర్మి' మూయడం, 'మల్‌ఫెర్మి' తెరవడం. ఫ్రెంచిలో ఆ ముక్కకు చెడు అనే అర్థం ఉన్నందువల్ల కొందరు తికమకపడతారు. ఎస్పెరాంటోలో దానికి మంచిచెడ్డలు లేవు, ఎదురు దిక్కు చూపడమే పని. 'వర్మ' వేడి అయితే 'మల్వర్మ' చల్లని, మే నెలలో మన ప్రాంతంలో ఆ మాటను ఎవరూ తిట్టుగా అనుకోరు. 'మల్' వేరు, 'నె' వేరు అన్నది కూడా గుర్తుంచుకోవాలి: 'నెబెల' అందంగా లేని, 'మల్బెల' వికారమైన.

'గె' అనేది ఆడ, మగ ఇద్దరినీ కలిపి చెబుతుంది. 'పత్రొ' తండ్రి, 'గెపత్రొయ్' తల్లిదండ్రులు. మన ద్వంద్వ సమాసం రెండు మాటలతో చేసే పనిని అక్కడ ఒక ఉపసర్గ చేస్తోంది. ఫ్రెంచి నుంచి వచ్చిన 'బొ' వివాహం వల్ల కలిసే బంధుత్వాన్ని చెబుతుంది: 'బొపత్రొ' మామగారు. బంధుత్వాల విషయంలో మాత్రం మనం కాస్త సర్దుకుపోవాలి. చిన్నాన్న, పెదనాన్న, మేనమామ ముగ్గురూ అక్కడ 'ఒంక్లొ'లే. మేనమామే అని తేల్చి చెప్పాలంటే తల్లి సోదరుడనే అర్థంలో 'పత్రిన్‌ఫ్రతొ' అని కట్టుకోవాలి.

ఆ 'పత్రిన్'లో ఉన్న 'ఇన్' స్త్రీలింగ ప్రత్యయం. 'పత్రొ' తండ్రి, 'పత్రినొ' తల్లి. 'క్నబొ' మగపిల్లవాడు, 'క్నబినొ' ఆడపిల్ల. పురుషవాచకాన్ని మూలంగా పెట్టుకొని దాని నుంచి స్త్రీవాచకాన్ని పుట్టించడం పట్ల ఎస్పెరాంటో మాట్లాడేవారిలోనే అభ్యంతరాలు ఉన్నాయి. మన ఉత్తరాంధ్ర మాటలో ఇది తలకిందులుగా ఉంది: ఆడపిల్ల గుంట, దానికి 'డు' తగిలిస్తే మగపిల్లవాడు గుంటడు. జామెన్‌హాఫ్ మన ఊళ్ళో పుట్టి ఉంటే ఏ ప్రత్యయం కల్పించేవాడో అని నాకు అప్పుడప్పుడు అనిపిస్తుంది.

ఎప్పుడు, అప్పుడు

ప్రశ్న మాటలకు, వాటి జవాబులకు సంబంధించిన 45 పదాల పట్టిక ఒకటి ప్రతి పాఠ్యగ్రంథంలోనూ ఉంటుంది. అది చూసి భయపడేవారే ఎక్కువ, మనకు మాత్రం ఆ భయం అక్కరలేదు. 'కియె' ఎక్కడ, 'తియె' అక్కడ. 'కియమ్' ఎప్పుడు, 'తియమ్' అప్పుడు. 'కియెల్' ఎలా, 'తియెల్' అలా. 'కియొమ్' ఎంత, 'తియొమ్' అంత. 'కియల్' ఎందుకు, 'తియల్' అందుకు. మనకు 'ఎ', 'అ' ఎలాగో వారికి 'కి', 'తి' అలాగ. 'ఇక్కడ' అనడానికి దగ్గరను సూచించే 'చి' అనే చిన్న మాట తోడు చేసి 'చి తియె' అంటారు. తేడా మిగతా వరుసల్లో వస్తుంది. ఎప్పుడో, ఎప్పుడూ అని మనం చివరను మారుస్తాం. వాళ్ళు మొదటిని మారుస్తారు. 'ఇయమ్' ఎప్పుడో, 'చియమ్' ఎప్పుడూ, 'నెనియమ్' ఎన్నడూ లేదు.

సమాసాలు

రెండు మూలాలను కలిపేటప్పుడు ప్రధానమైనది చివర రావాలని పదకొండో నియమం చెబుతుంది. ఆవిరితో నడిచే ఓడ 'వపొర్‌షిపొ'. తత్పురుషంలో ఉత్తరపదానికే ప్రాధాన్యమని చదువుకున్నవారికి ఇందులో కొత్త లేదు. అరసవల్లిలో ఉన్నది 'సున్‌తెంప్లొ', సూర్యుని గుడి. వరస తప్పి 'తెంప్ల్‌సునొ' అంటే గుడిలోని సూర్యుడవుతుంది. బహువ్రీహి కూడా ఉంది: 'బ్లు' నీలం, 'ఒకుల్' కన్ను, వాటికి 'అ' చేర్చిన 'బ్లుఒకుల' అంటే నీలి కన్నులు గల. సంధి నియమాలు లేకపోవడం పెద్ద ఊరట. హల్లులు గుమిగూడి పలకడం కష్టమైనచోట మాత్రం నడుమ ఒక 'ఒ' చేర్చవచ్చు. మన ఆగమాల వంటిదే, కాకపోతే ఐచ్ఛికం.

కొత్త వస్తువులకు కూడా ఈ పద్ధతిలోనే పేర్లు వచ్చాయి. లెక్కించడం 'కొంపుతి' కాబట్టి కంప్యూటరు 'కొంపుతిలొ'. జేబు 'పొషొ' కాబట్టి మొబైలు 'పొష్‌తెలెఫొనొ', అంటే జేబు ఫోను. వల 'రెతొ'. కళింగపట్నం ఒడ్డున ఆరబెట్టిన వలా అదే, ఇంటర్నెట్టూ అదే, వెబ్‌సైటు 'రెతెయొ'. మనం అంతర్జాలం అన్నప్పుడు వాడింది కూడా జాలరి చేతిలోని జాలాన్నే కదా.

విడదీయడంలో వచ్చే పొరపాట్లు

కట్టడం వచ్చాక విడదీయడం మీద మోజు పెరిగి, విడదీయకూడనివి కూడా కోస్తాం. 'కొలెగొ' అంటే తోటి ఉద్యోగి. అయితే 'కొల్' మెడ, 'ఎగ్' పెద్దదనే ప్రత్యయం కాబట్టి లావు మెడ అని కూడా తీయవచ్చు. 'సెంతెమ' సున్నితమైన మనసున్న. 'సెన్' దగ్గర విరిస్తే విషయం లేని అవుతుంది. 'దిఅమంతొ' వజ్రం; 'ది', 'అమ్', 'అంత్' అని విడదీస్తే దేవుణ్ణి ప్రేమించేవాడు, అంటే భక్తుడు. సభంగశ్లేష మరిగిన తెలుగువారికి ఇవి ఆటవిడుపు. చదివేటప్పుడు మాత్రం చుట్టూ ఉన్న వాక్యం ఏ అర్థాన్ని కోరుతోందో చూసి నిర్ణయించుకోవాలి.

స్థిరమైన అర్థం లేని ప్రత్యయం ఒకటుంది, 'ఉమ్'. దానితో కట్టినవాటిని కంఠస్థం చేయడమే మార్గం. 'కొలొ' మెడ, 'కొలుమొ' చొక్కా కాలరు. 'ప్లెన' నిండిన, 'ప్లెనుమి' నెరవేర్చడం. 'మల్వర్మ' చల్లని, 'మల్వర్ముమి' జలుబు చేయడం. మీరు సొంతంగా పదాలు కట్టేటప్పుడు దీని జోలికి పోవద్దు.

పొడవైన పదం ఎదురైతే చివరి నుంచి మొదటికి విప్పండి. 'మల్సనులెయొ' తీసుకోండి. 'ఒ' నామవాచకం. 'ఎయ్' చోటు. 'ఉల్' ఒక గుణం గల మనిషి. 'సన్' ఆరోగ్యం గల. 'మల్' దానికి వ్యతిరేకం. ఆరోగ్యం లేని మనుషులుండే చోటు, ఆసుపత్రి. దీనికి బదులు 'హొస్పితలొ' అనే తత్సమం కూడా వాడుకలో ఉంది; కట్టిన మాట ముద్దా, తెచ్చిన మాట ముద్దా అన్న వాదం మనకున్నట్టే వారికీ ఉంది. నా మొగ్గు కట్టిన మాట వైపే.

ఒక వాక్యంతో అభ్యాసం చేయండి. అరసవల్లిలో మార్చి, అక్టోబరు నెలల్లో ఉదయకిరణాలు మూలవిరాట్టు పాదాలను తాకుతాయి. దానిని ఇలా రాయవచ్చు: 'ప్రింతెంపె కయ్ అవ్‌తునె ల సున్‌రదియొయ్ ఎనిరస్ ల సున్‌తెంప్లొన్ కయ్ తుషస్ ల పియెదొయ్న్ దె ల దియొ.' కాగితం మీద ప్రతి మాటనూ ముక్కలు చేసి చూడండి. 'సున్‌రదియొయ్'లో 'రది' కిరణం. ఇందాకటి చక్రం 'రద్' కాదు. 'ఎన్' లోపలికి, 'ఇర్' వెళ్ళడం. గుడికీ పాదాలకూ చివర 'న్' ఉంది, ఎందుకంటే అవి కర్మలు. 'ప్రింతెంపె'లో కాలం అనే అర్థమున్న 'తెంపొ' కనబడినట్టు ఉంటుంది, కోయకండి. వసంతకాలానికి ఫ్రెంచి నుంచి తెచ్చుకున్న ఆ మాట మొత్తం ఒకే మూలం. 'సున్' జర్మన్, ఇంగ్లీషుల వైపుది, 'కయ్' గ్రీకు. మిగిలినవన్నీ లాటిన్ కుటుంబానివే.